వీపు మీద ప్రభ

ఆ సాయంత్రం జోసఫ్ వీపు వెనక దీపం వెలిగిందా, లేదా?

ఈ సందేహం పేరయ్యను ఏళ్ల తరబడి వదల్లేదు. పొద్దున్నే విభూతి పెట్టుకుని, కోటప్పకొండ ఉన్న దిక్కుకు తిరిగి "చేదుకో కోటయ్యా" అని చేతులు జోడించేటప్పుడు కూడా ఆ మాట వెనకే ఇదీ వచ్చి నిలబడేది. దేవుణ్ణి అడగడానికి భయం. అడిగితే ఆయన చెప్పేస్తాడేమోనని భయం. తెలియని దానితో మనిషి ఎలాగోలా కాపురం చేస్తాడు. తెలిసిపోయాక దానితో కాపురం చేయగలడా అన్నది చేసి చూస్తే గాని తేలదు.

పేరయ్యకు చిలకలూరిపేటలో లైటింగు కొట్టు ఉంది. పెళ్లి పందిళ్లకూ, ఊరేగింపులకూ, అన్నిటికన్నా మించి శివరాత్రి ప్రభలకూ రంగు దీపాలు కట్టడం అతని పని. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూరి నుంచీ కొబ్బరిచెట్టును మించిన ఎత్తున కర్ర చట్రాలతో ప్రభలు కట్టి ట్రాక్టర్ల మీద తీసుకెళ్తారు. పొద్దుగూకగానే వాటి మీద దీపాలు కింది నుంచి పైకి పాకుతాయి, కొసకు చేరి ఒక్కసారిగా ఆరిపోతాయి, మళ్లీ కింద మొదలవుతాయి. ఒకప్పుడు రాగిరేకులు కొట్టిన చెక్క డ్రమ్మును మోటారుతో తిప్పి ఆ పరుగు తెప్పించేవారు. పేరయ్య బెజవాడలో కొట్ల చుట్టూ తిరిగి ట్రాన్సిస్టర్లూ, కండెన్సర్లూ తెచ్చి, అరచేతిలో ఇమిడే సర్క్యూటు ముక్కతోనే దీపాలను పరిగెత్తించాడు. పేరయ్య దీపం పాకినట్టు ఇంకెవరి దీపమూ పాకదని నాలుగూళ్లలో పేరొచ్చింది. ఆ పేరు అతని తలకు కాస్త ఎక్కిందనే చెప్పాలి.

జోసఫ్ హైస్కూల్లో అతని పక్కన ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పేట దాటాక ట్రంకు రోడ్డు పక్కనే ఉన్న క్రైస్తవుల పాలెంలో తల్లి కొండమ్మ, భార్య జయకుమారితో ఉండేవాడు. గేదె ఈనలేకపోతోందని కబురొస్తే కంచం ముందు నుంచి లేచి పోయేవాడు. గేదెలకు వేళాపాళా తెలియదు గనక, అతను ఇల్లు చేరేసరికి తరచుగా సందెచీకటి పడేది.

ఒక ఏడు పేరయ్య గేదెకు కడుపులో దూడ అడ్డం తిరిగింది. జోసఫ్ వచ్చి, చొక్కా విప్పి, మోచేతి పైదాకా సబ్బు రాసుకుని, ఆవులించే కుక్కతో కూడా కబుర్లు చెబుతూ దూడను తిప్పి బయటికి లాగాడు. తల్లీ పిల్లా దక్కాయి.

"ఎంత ఇమ్మంటావురా?" అన్నాడు పేరయ్య.

"నీ డబ్బులెవడికి కావాల్రా? ఈ క్రిస్మస్‌కి మా గుడి మీద నక్షత్రం కట్టు. కాగితంది కాదు. ప్రభ మీద పాకిస్తావే, ఆ దీపాలతో."

"అంతేగా. కట్టేసినట్టే అనుకో."

కట్టలేదు. ఆ డిసెంబరులో నరసరావుపేటలో పెద్ద పెళ్లి తగిలింది. మరుసటి డిసెంబరులో ఇంకోటి తగిలింది. జోసఫ్ కొట్టు ముందు నుంచి పోతూ బండి ఆపకుండానే అరిచేవాడు: "ఒరేయ్ పేరయ్యా! మా ఏసయ్య పుట్టి ఇన్నేళ్లయినా నీకు తీరిక పుట్టలేదు కదరా!"

ఆ తర్వాత ఒక రోజు బండి ఆపే వచ్చాడు. మోచేతి మీద చొక్కా చిరిగి ఉంది.

"మార్టూరు నుంచి వస్తంటే లారీ రాసుకుపోయిందిరా. ఎనకొచ్చేవాడికి నేను మనిషినో మైలురాయినో తెలియట్లా. ఇంజను కాస్త నెమ్మదిస్తే ఎనక దీపం మిణుగురు పురుగైపోద్ది. నీకు కరెంటు విద్య వచ్చుగా, ఏదో ఒకటి చెయ్యి. ఉత్త ఎర్రదీపమైనా చాలు, ఆరకుండా ఉంటే."

"ఉత్త ఎర్రదీపమా? పేరయ్య చేతి మీంచి ఉత్తది వస్తే నలుగురూ నవ్వరా?"

చాటంత రేకు ఒకటి కోసి, దాని మీద చిన్న చిన్న బల్బులు వరసలుగా కూర్చాడు. మోటారుసైకిలు కరెంటుతో సంబంధం లేకుండా, టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులు ఒక రేకుడబ్బాలో పెట్టి దానికి కలిపాడు. ఆకారం గురించి అతను ఆలోచించనైనా లేదు. చేతికి అలవాటైన ఆకారమే వచ్చింది. కింద వెడల్పు, పైకి పోను పోను సన్నం, కొసన ఒక ఎర్ర చుక్క. స్విచ్చి వేస్తే దీపాలు కింది నుంచి పైకి పాకాయి.

జోసఫ్ పగలబడి నవ్వాడు. "ఏందిరా ఇది! నా వీపు మీద ప్రభ కట్టావు! మా పాస్టరు గారు చూస్తే నన్ను గుళ్లోకి రానిస్తాడంటావా?"

"రానీకపోతే కొండకు రా. మా కోటయ్య ఎవర్నీ పొమ్మనడు."

"ఏమైనా బాగుందిరా. మైలు దూరాన్నుంచి కనపడతా."

"అయితే నక్షత్రం బాకీ చెల్లినట్టేగా?"

"చెల్లదు. ఇది నా వీపుది, అది గుడిది. గుడి బాకీ గుడి బాకీయే."

వాళ్లిద్దరూ కలిసి నవ్వుకోవడం అదే ఆఖరు.

శివరాత్రి ఇంకా రాలేదు. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. లారీలు గుంటూరు మిర్చి యార్డుకు ఒకదాని వెనక ఒకటిగా పోతున్నాయి. గాలి తిరిగితే ఊరంతా తుమ్మే రోజులు. మార్టూరు వైపు ఒక రైతు ఆవుకు పురుడు పోసి జోసఫ్ తిరిగి వస్తున్నాడు. వెలుగూ కాని, చీకటీ కాని వేళ. మిరపకాయల లారీ వెనక నుంచి వచ్చి గుద్దింది. ఆసుపత్రికి తీసుకెళ్లే లోపే పోయాడు.

కోర్టులో లారీ డ్రైవరు సుభానీ, మోటారుసైకిలుకు వెనక దీపం లేనే లేదని చెప్పాడు. కాదనడానికి బయటివాళ్లెవరూ చూడలేదు. కేసు అలా ముగిసిపోయింది.

పేరయ్య సమాధుల దొడ్డి గోడ బయట నిలబడి మట్టి వేయడం చూశాడు. తర్వాత ఆ పాలెం వైపు పోలేదు. ట్రంకు రోడ్డు మీద పోవలసి వచ్చినా జోసఫ్ పడిపోయిన మలుపు దగ్గర కళ్లు వాల్చుకునేవాడు. ప్రభలకు దీపాలు కట్టడం మానలేదు. మానితే ఇల్లు గడవదు. కాని ప్రతి అతుకునూ లాగి చూసేవాడు. చూసినదాన్నే మళ్లీ చూసేవాడు.

"ఆ తీగ ఎక్కడికీ పారిపోదులేవయ్యా," అనేది అతని భార్య గురవమ్మ. "గడ్డాలు పెరిగిపోతున్నాయి, లే."

అతని భయం ఆమెకు తెలియదు. దీపం లేదని డ్రైవరు అన్నాడంటే ఆ వేళ అది వెలగలేదన్న మాట. వెలగలేదంటే ఏదో ఒక అతుకు ఊడి ఉండాలి. ఆ అతుకు వేసిన చెయ్యి ఎవరిది?

పత్తికి తెల్లదోమ పట్టి రైతులు తలలు పట్టుకున్న ఏడు, కార్తీకం చివర్లో, జయకుమారి కొట్టు మెట్లెక్కింది. భర్త పోయాక ఆమెకు అదే ఆసుపత్రిలో అటెండరు పని ఇచ్చారు. మనిషి సన్నబడింది. చంకలో పాత చీరముక్క చుట్టిన మూట ఉంది.

"బాగున్నారా అన్నయ్యా?"

పేరయ్య లేచి నిలబడ్డాడు. బల్ల మీద ఉన్నవన్నీ పక్కకు జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. మూట విప్పింది. లోపల సెల్లుల డబ్బాతో సహా ఆ రేకు. ఒక మూల వంగింది, తుప్పు పట్టింది, బల్బులు కొన్ని పగిలాయి.

"మా తమ్ముడు జయరావు మోపెడ్ కొనుక్కున్నాడు. బొప్పూడి కాడ పత్తిమిల్లులో పని వాడికి. ఇల్లు చేరేతలికి మసకపడిపోద్ది. దీన్ని బాగుచేసి వాడి బండికి బిగించిపెట్టండి."

"దీన్నెందుకమ్మా? కొత్తది చేసిస్తాగా."

"కొత్తది వద్దు. ఇదే కావాలి. ఇది వెలుగుద్దని మా అత్త కళ్లారా చూడాలి." ఆమె చీరకొంగు చేతికి చుట్టుకుంది. "మీకు తెలియదేమో అన్నయ్యా. ఆ రోజు మజ్జాన్నం రేడియోలో నాటకం వస్తంటే, మా రేడియోలో సెల్లులు అరిగిపోయాయని ఈ డబ్బాలోవి తీసి వేసుకున్నా. నాటకం అయిపోంగానే మళ్లీ ఇందులో పెట్టేశా. పెట్టానని నాకు తెలుసు. కోర్టులో లైటు లేదన్నాక మా అత్తకి ఇంకో మాట అక్కర్లేకపోయింది. 'నాటకం కోసం నా కొడుకు దీపం ఆర్పింది' అంటది. నీళ్లు తోడేటప్పుడు అంటది, అన్నం పెట్టేటప్పుడు అంటది, ప్రార్థన చేసి ఆమెన్ అన్నాక కూడా అంటది. అప్పటి నుంచి మా ఇంట్లో రేడియో మోగలా. అది కాదు నా బాధ. ఇన్నేళ్లు వినీ వినీ ఇప్పుడు నాకే అనుమానమొస్తంది. అరిగిపోయినయ్యే ఇందులో పెట్టానేమో. నేను పెట్టింది మంచియ్యేనా, కాదా? ఏసయ్యని అడిగితే ఆయనా చెప్పడం లా."

పేరయ్య ఆ రేకును అందుకున్నాడు. తను ఒక్కడే మోస్తున్నాననుకున్న బరువుకు రెండో కొస ఇంకొకరి భుజం మీద ఉంది. అదీ ఇంటి మనిషి చేత రోజూ మాటలు పడుతున్న భుజం మీద. తను నోరు మూసుకుని గడ్డం పెంచుకుంటుంటే ఆమె అన్నం ముందు తల వంచుకుని కూర్చుంటోంది.

"ఉంచి వెళ్లమ్మా. చూస్తా," అన్నాడు.

ఆమె వెళ్లాక రేకు వెనక్కి తిప్పి ఒక్కొక్క తీగే పట్టి లాగాడు. వంగిన మూలన తెగిన తీగలు తప్ప అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. తేలికపడవలసిన గుండె ఎందుకో తేలికపడలేదు. పగిలిన బల్బులు మార్చాడు, వంపు సరిచేశాడు, కొత్త సెల్లులు కొని వేశాడు. స్విచ్చి నొక్కగానే దీపాలు ఏమీ ఎరగనట్టు కింది నుంచి పైకి పాకాయి.

దూరానికి ఎలా కనపడుతుందో చూద్దామని, పొద్దు వాలాక దాన్ని తీసుకుని ఇంటి వెనక మిరప చేలోకి వెళ్లాడు. చేను చివర గట్టు మీద ఒక కర్ర పాతి, దానికి రేకు కట్టి, స్విచ్చి వేసి ఇవతలి గట్టుకు వచ్చాడు. చెట్లూ, గట్లూ మసకలో కలిసిపోయాయి. దీపాలు మాత్రం గాలిలో తేలుతున్నట్టు పాకుతున్నాయి.

పత్తి తీసి వస్తున్న ఆడవాళ్ల గుంపులోంచి గురవమ్మ విడివడి ఇటు వచ్చింది. చేను వంక చూసి ఆగింది.

"ఏవయ్యా, అప్పుడే ప్రభ కట్టిందెవరు? శివరాత్రి ఇంకా ఎక్కడుందో!"

పేరయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడే ప్రభ?"

"అదుగో, కళ్లకి కనపడట్లా? పురుషోత్తపట్నం వాళ్లది లాగుంది. మంచి ఎత్తుగా కట్టారు."

"ఎంత దూరంలో ఉందంటావు?"

"ఎంతేంది, కాలవకి అవతల. ఇటు రావాలంటే ఇంకా చాలా సేపు పడుద్ది."

అది ఆమె రోజూ కలుపు తీసే చేను. ఆ గట్టు ఆమె కాళ్లకు తెలిసిన గట్టు. అయినా చాటంత రేకు ఆమె కంటికి ఆకాశాన్నంటే ప్రభ అయింది. కూతవేటు దూరం కాలవ అవతలికి పోయింది. పేరయ్య తనూ ఒకసారి కళ్లు మూసి తెరిచి చూశాడు. చేసినవాడికే తెలియలేదు. మసకలో దాని పక్కన కొలిచి చూసుకోవడానికి ఏమీ లేదు. పాకే దీపాలు చూస్తే ప్రభే గుర్తొస్తుంది. ప్రభ అంత చిన్నగా కనపడిందంటే ఎంతో దూరాన ఉందనే మనసు లెక్క వేస్తుంది.

అప్పటిదాకా అతని సందేహానికి రెండే దారులు కనపడ్డాయి, వెలిగింది, వెలగలేదు అని. మూడో దారి ఒకటి ఉందని ఆ గట్టు మీదే తెలిసింది.

లారీ ఆఫీసులో అడిగితే సుభానీ ఎప్పుడో బండి తోలడం మానేశాడనీ, చీమకుర్తి దగ్గర గ్రానైటు క్వారీల దారిలో పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడనీ చెప్పారు. పేరయ్య ఒంగోలులో బస్సు మారి వెళ్లాడు. దారంతా రాతి దుమ్ము. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. రేకుల పాక కింద ఒక నెరిసిన గడ్డపు మనిషి నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"సుభానీ గారేనా?"

"నేనే. ఏ బండి?"

"బండి కాదు. పేట నుంచొచ్చా. మోటారుసైకిలు మీద పోయాడే, కాంపౌండరు జోసఫ్... ఆయన బండి ఎనక దీపం చేసినోణ్ణి నేను."

సుభానీ ట్యూబు వదిలేశాడు. చేతులు కడుక్కుని, గుడ్డతో మెల్లగా తుడుచుకుని, స్టూలు ఇటు జరిపాడు.

"ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారనుకున్నా. ఆయన ఇంటావిడ వస్తదనుకున్నా. మీరొచ్చారు. కూర్చోండి."

"ఒక్కటే అడుగుతా. ఆ దీపం వెలిగిందా, లేదా?"

"వెలిగింది."

"మరి కోర్టులో..."

"ప్లీడరు లేదని చెప్పమన్నాడు. పిల్లలు గలవాణ్ణి, చెప్పా. ఆ అబద్ధం అల్లా దగ్గర నేను చూసుకుంటా." గుడ్డను భుజాన వేసుకున్నాడు. "చూడలేదంటే నాకూ తేలికగా ఉండేదండీ. చూశా. చూసి కూడా గుద్దా. శివరాత్రి దగ్గర పడుతోంది. మసకలో దీపాలు పాకుతా కనపడ్డాయి. ప్రభ అనుకున్నా. ఇంకా ఎక్కడో ఉందిలే, అందేతలికి చాలా సేపు పడుద్దిలే అనుకున్నా. మద్రాసు లారీవాడైతే అదేందో అర్థంకాక బ్రేకు మీద కాలేసేవాడు. నేను పేటలో పుట్టినోణ్ణి. మసీదు సందులోంచి ప్రభల ఎనకమాల పరిగెత్తి పెరిగినోణ్ణి. నాకు తెలుసు కదా, అందుకని వెయ్యలా."

పేరయ్య రెండు చేతులతోనూ స్టూలు అంచు పట్టుకున్నాడు.

"పక్కన క్లీనరుతో అన్నా కూడా," అన్నాడు సుభానీ. "'ఈ ఏడు పేరయ్య దీపాలు భలే ఉన్నాయిరా' అని. ఆ మాట నోట్లో ఉండంగానే తగిలింది."

దారిన గ్రానైటు బండలు వేసుకుని ఒక లారీ పోయింది. పాక రేకులు అదిరాయి. ఇద్దరూ అది పోయేదాకా ఆగారు.

"తర్వాత స్టీరింగు పట్టుకోలేకపోయా. దూరంగా ఏది కనపడ్డా, ఇది దగ్గరే ఉందేమో అనిపించేది. అట్టాంటోడు లారీ ఏం తోలతాడు?"

"ఆ ఇంట్లో కోడల్ని మాటలంటున్నారు, సుభానీ గారూ. దీపం ఆర్పింది ఆమేనని. మీరొచ్చి ఈ ముక్క చెప్పగలరా?"

సుభానీ తల అడ్డంగా ఊపాడు. "ఆ గడప తొక్కే మొహం నాకు లేదు. నా మాటగా చెప్పండి. నమ్మకపోతే కబురు చేయండి, అప్పుడు ఎట్టాగైనా వస్తా."

తిరుగు బస్సులో పేరయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒక ఆలోచన మెల్లగా వచ్చి పక్కన చేరింది. దీపం వెలిగిందని చెబితే చాలదా? జయకుమారి మీద పడ్డ మాట తొలగిపోతుంది. డ్రైవరు చూసుకోలేదు, అంతే. ప్రభ సంగతి ఎందుకు? సుభానీ చీమకుర్తి వదిలి రాడు. గురవమ్మకు ఆ సాయంత్రం గుర్తే ఉండదు. చెప్పేదాంట్లో అబద్ధమూ లేదు. సగం నిజం చెబితే దేవుడు సగం పాపమే రాసుకుంటాడా, మొత్తం రాసుకుంటాడా? ఇలాంటివి పురాణం చెప్పే పంతులు గారిని అడగాలి. కాని ఆయనైనా ఏం చెబుతాడు, ఆయన ఎప్పుడూ దీపాలు చేసి అమ్మలేదు.

మార్టూరు దాటి ఆ మలుపు వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి అతను కళ్లు వాల్చలేదు. ఏమీ లేదక్కడ. ఒక తుమ్మచెట్టు, గుంటలో నీళ్లు, ఆవలగా పత్తి చేలు. వెలిగితే మరి ఎందుకు గుద్దాడని కొండమ్మ అడిగి తీరుతుంది. ఇన్నేళ్లూ తనను తను అడుక్కున్న ప్రశ్న అదే కదా. కన్నతల్లి అడగకుండా ఉంటుందా?

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక పాలెం వెళ్లాడు. కొండమ్మ పంచలో నులకమంచం మీద కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తీస్తోంది. జయకుమారి చేట అందిస్తోంది. పేరయ్యను చూసి ముసలామె చెయ్యి ఆగింది.

"ఎవరూ, లైటింగు పేరయ్యా? దారి తప్పొచ్చావా?"

"దారి తెలిసే వచ్చా అమ్మా. ఇన్నాళ్లూ రాకపోవడం నా తప్పు." నిలబడే చెప్పాడు. "లారీ డ్రైవరు దగ్గరికి వెళ్లొచ్చా. ఆ రోజు దీపం వెలిగిందంట. కోర్టులో చెప్పింది అబద్ధం. కోడలు పెట్టిన సెల్లులు మంచియ్యే."

జయకుమారి చేతిలోంచి చేట జారి మిరపకాయలు నేల మీద పడ్డాయి. ఎవరూ ఎత్తలేదు.

"వెలిగితే మరి ఎందుకు గుద్దాడు?" అంది కొండమ్మ.

పేరయ్య చెప్పాడు. సుభానీ అన్నది అన్నట్టే చెప్పాడు. గట్టు మీద గురవమ్మ అన్నదీ చెప్పాడు. జోసఫ్ ఉత్త ఎర్రదీపం చాలన్నాడనీ, తను వినలేదనీ కూడా చెప్పాడు.

ముసలామె అతని మొహంలోకి చూసింది. "అంటే నీ దీపమే నా కొడుకుని చంపిందా?"

"ఏమో అమ్మా, నాకు తెలియదు. దీపం లేకపోతే అసలు కనపడేవాడే కాదు. దీపం ఉండబట్టి కనపడ్డాడు. కాని మనిషిలాగా కనపడలా. ఇందులో ఎంత నాదో, ఎంత తలరాతో, ఆ కోటయ్యకే తెలియాలి. మీ ఏసయ్యకే తెలియాలి."

కొండమ్మ లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది పేరయ్యకు.

జయకుమారి నేల మీదే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వెలిగింది," అంది తనలో తను. ఇంకాసేపటికి మళ్లీ, "వెలిగింది కదా అన్నయ్యా," అంది. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో, ఊరట ఎంతో ఆమెకే తెలిసి ఉండదు.

చివరికి కళ్లు తుడుచుకుని తల ఎత్తింది. ఆ చూపులో చల్లదనం లేదు. "మా తమ్ముడికి ఆ రేకు వద్దు."

"వద్దమ్మా. వాడికి వేరే చేస్తా. వెడల్పాటి బద్ద మీద ఈ చివరోటి ఆ చివరోటి ఎర్రదీపాలు, పాకకుండా, ఆరకుండా. అది దేన్నీ పోలకూడదు. చూసినవాడు ఇదేందిరా అనుకోవాలి. అట్టా అనుకుంటే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోద్ది."

ఆమె తల ఊపింది. వెళ్తానని పేరయ్య మెట్టు దిగుతుంటే లోపలి చీకట్లోంచి కొండమ్మ గొంతు వినపడింది.

"నక్షత్రం సంగతేంది?"

అతను మెట్టు మీదే వెనక్కి తిరిగాడు.

"పెతి క్రిస్మస్‌కీ అనేవాడు నా కొడుకు. పేరయ్య కడతాడమ్మా, ఈసారి తప్పకుండా కడతాడమ్మా అని." ఆ గొంతులో కోపం లేదు, దయా లేదు. మరిచిపోనితనం ఒక్కటే ఉంది.

"కడతా అమ్మా," అన్నాడు.

జయరావు మోపెడ్‌కు బద్ద బిగించి ఇచ్చాడు. క్రిస్మస్ ముందు రోజు పొద్దు వాలుతుండగా, పేరయ్య వెదురుబద్దల నక్షత్రాన్ని భుజానేసుకుని పాలెం గుడికి నిచ్చెన వేశాడు. పిల్లలు కింద మూగారు. నక్షత్రం కొస నుంచి కొసకు బల్బులు కూర్చి తెచ్చాడు. దీపాలను పాకించే ముక్క మాత్రం ఇంకా కలపలేదు, జేబులోనే ఉంది.

జయకుమారి కింద నిలబడి చూస్తోంది.

"ఏమ్మా, వాడు పాకే దీపాలు కావాలన్నాడు. పాకించమంటావా?"

ఆమె ట్రంకు రోడ్డు వైపు చూసింది. లారీలు లైట్లు వేసుకుని పోతున్నాయి. "వద్దన్నయ్యా. నిలబడి వెలగనియ్యండి."

పేరయ్య ముక్కను జేబులోనే ఉంచేశాడు. తీగలు నేరుగా కలిపాడు. ఇంతలో గుడి పక్కనే ఉన్న ఇంటి పంచలోంచి కొండమ్మ పిలిచింది.

"ఒరేయ్ పేరయ్యా! సెల్లులున్నాయారా నీ కాడ?"

"దేనికమ్మా?"

"రేడియోకి. ఏళ్లైంది, అందులో ఏవీ లేవు. ఇయ్యాళ పాటలు వేస్తారంటగా. అది వింటదిలే." 'అది' అంటూ కోడలి వైపు గడ్డం ఊపింది. మొహం మాత్రం ఇంకో పక్కకు తిప్పుకుంది.

చేలో రేకు పరీక్షించడానికి కొన్న సెల్లులు పేరయ్య సంచిలోనే ఉన్నాయి. జయకుమారి తీసుకుని లోపలికి వెళ్లింది. కొద్దిసేపు గరగరమని చప్పుడు వచ్చింది. తర్వాత సన్నగా పాట మొదలైంది.

పేరయ్య స్విచ్చి వేశాడు. నక్షత్రం ఒక్కసారే, మొత్తంగా వెలిగింది. వెలిగి, అలాగే నిలబడింది. పిల్లలు కేకలు వేశారు. ఆ వెలుగులో సమాధుల దొడ్డి గోడ దాకా కనపడింది.

జోసఫ్ ఉంటే ఏదో ఒక మాట విసిరి ఉండేవాడు. పేరయ్య ఆ మాట కోసమన్నట్టు పై మెట్టు మీద కాసేపు ఆగాడు. తర్వాత నిచ్చెన దిగాడు.